భూతమునకు పేరు పెట్టిన పండితుడు

దీపమును రుద్దినంతనే ఎదుట నిలుచు అల్లావుద్దీను సేవకుని ఆంగ్లేయులు ‘జీనీ’ అందురు. ఆ పేరు అరబ్బులు పెట్టినది కాదు, ఆంగ్లేయులు కల్పించినదియు కాదు. ఫ్రెంచి పండితుడగు ఆంత్వాన్ గాలాన్ ఎన్నుకొనిన మాట అది.

గాలాన్ 1646లో ఫ్రాన్సు దేశమున, పికార్డీ సీమలోని రోలో గ్రామమున, పేదకుటుంబములో జన్మించెను. పసితనముననే తండ్రి గతించెను. అయినను పట్టుదలతో చదివి గ్రీకు, లాటిను భాషలను నేర్చెను. 1670లో ఫ్రెంచి రాయబారి వెంట కాన్‌స్టాంటినోపుల్ చేరి తుర్కీ, అరబ్బీ, పారశీక భాషలను అభ్యసించెను. పిదప సిరియానుండి వచ్చిన వ్రాతప్రతిని ఆధారముగా గొని, 1704 మొదలు వేయిన్నొక్క రాత్రుల కథలను ఫ్రెంచిలో వెలువరించెను.

ఆ కథలలో అడుగడుగునను జిన్నులు కలవు. అరబ్బుల విశ్వాసము ప్రకారము అవి పొగలేని అగ్నినుండి పుట్టినవి. వానికి ఆకలియు మరణమును కలవు. వానిలో మంచివియు చెడ్డవియు ఉన్నవి. ఫ్రెంచిలో అట్టి జీవికి పేరు లేదు. గాలాన్ ‘జెనీ’ అను మాటను గ్రహించెను. దాని మూలమగు లాటిను పదమునకు, మనుష్యుని పుట్టుకనుండి కాపాడు దేవత అని ప్రాచీన రోమనులలో అర్థము. జిన్నుకును దానికిని ధ్వనిసామ్యమే కాని చుట్టరికము లేదు. అట్లే ‘ఘూలా’ అను నరభక్షకికి, ఫ్రెంచి కథలలోని ‘ఓగ్రెస్’ పేరు నొసగెను.

కొలది ఏండ్లకే లండనులో ఆంగ్లానువాదము అచ్చయ్యెను. అది అరబ్బీనుండి కాక ఫ్రెంచినుండియే చేయబడినది. కావున గాలాన్ మాటలే ఆంగ్లమునకు సంక్రమించినవి. 1838లో ఎడ్వర్డు లేన్ అరబ్బీనుండి నేరుగా చేసిన అనువాదమును ప్రచురింప మొదలిడి, మూలపదమునే వాడెను. అయినను జనుల నోట పాతమాటయే నిలిచినది.

అల్లావుద్దీను కథ ఆ వ్రాతప్రతిలో లేదు. అలెప్పోవాసి హన్నా దియాబ్ 1709లో పారిస్‌లో దానిని గాలానుకు వినిపించెను. ఆ ఏడే గాలాన్ రాజకళాశాలలో అరబ్బీ ఆచార్యుడయ్యెను. 1715లో పరమపదించెను. గ్రంథముయొక్క కడపటి సంపుటములు 1717లో వెలువడినవి.

తెలుగున మనము ఆ జీవిని ‘భూతము’ అనుచున్నాము. మన భూతములు శివుని పరివారములోనివి, జిన్ను వేరు. అనువాదకుడు తెలిసిన పేరు పెట్టినచో మూలార్థము కొంత జారిపోవును. తెలియని పేరునే ఉంచినచో చదువరి దూరమగును. గాలాన్ చదువరినే ఎన్నుకొనెను. అందువలననే ఆ కథలు లోకమంతటను చేరినవి. జిన్నుయొక్క నిజస్వరూపమును మాత్రము ఉపాధ్యాయుడు బాలురకు వేరుగా చెప్పవలసి యున్నది.