మెక్‌లాఫ్లిన్ పక్కన మన పాలకొల్లు మాండలిన్

సింగపూర్: జాన్ మెక్‌లాఫ్లిన్ పేరు మన తెలుగువాళ్లలో ఎక్కువమందికి తెలియకపోవచ్చు. రాక్‌నీ జాజ్‌నీ కలిపి వాయించే ఫ్యూజన్ సంగీతం వినేవాళ్లకు మాత్రం ఈ ఇంగ్లండ్ గిటారిస్టు పెద్ద దిక్కు. ఏళ్ల తరబడి ఆయన పక్కన కూర్చుని, ఆయన వేసిన ప్రశ్నకల్లా నవ్వుతూ జవాబిచ్చినవాడు మన పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్. మాండలిన్ శ్రీనివాస్ అంటే ఊరూవాడా గుర్తుపడతారు. ఆయన పోయి పదేళ్లు దాటింది. మనవాళ్లు ఆయన్ని కర్ణాటక విద్వాంసుడిగానే గుర్తు పెట్టుకున్నారు, అది న్యాయమే. కానీ నా దగ్గరున్న ఫ్యూజన్ ఆల్బంలలో బాగా అరిగిపోయినవి ఆయన వాయించినవే. అందుకే ఈ నాలుగు మాటలు.

పుట్టింది 1969 ఫిబ్రవరి 28న. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఆయన మాండలిన్ ఒకటి ఉండేది. ఆరేళ్ల పిల్లాడు దాన్ని తీసి తనంతట తాను వాయించడం చూసి తండ్రి కొత్తది కొనిచ్చారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. విచిత్రం ఏంటంటే గురువుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన నోటితో పాడేవారు, పిల్లాడు విని తీగల మీద పలికించేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషి లేడు. గొంతు ఎక్కడ ఊగితే తీగా అక్కడ ఊగాలి, అంతే. శ్రీనివాస్ వాయిస్తుంటే పాడినట్టే ఉండటానికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఏడేళ్ల వయసులోనే గిటారిస్టు వాసూరావు ద్వారా పాశ్చాత్య సంగీతమూ చెవిన పడింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో తొలి కచేరీ. తర్వాత కుటుంబం మద్రాసు చేరింది.

అసలు మాండలిన్ అంటే ఇటలీ వాయిద్యం. మామూలుగా నాలుగు జతల తీగలు, అంటే ఎనిమిది. మీటగానే టింగుమని మోగి అంతలోనే ఆగిపోతుంది. సినిమా పాటలో అక్కడో బిట్టు, ఇక్కడో బిట్టు వేయడానికి సరిపోతుంది. గమకం దగ్గరే వస్తుంది చిక్కంతా. స్వరాన్ని సాగదీయాలి, ఊపాలి, ఒకదాన్నుంచి ఇంకోదానికి జారాలి. జత తీగలు రెండింటినీ ఒకే కొలతలో లాగడం అయ్యే పని కాదు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జతలకు బదులు ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. కరెంటు వల్ల నాదం నిలబడింది, ఒంటి తీగ కాబట్టి వేలు చెప్పినట్టు విన్నది. ఈ పరాయి డబ్బా మీద త్యాగరాజ కృతులేంటని ముఖం చిట్లించిన పెద్దలు మద్రాసులో లేకపోలేదు. వాళ్లు రోజూ వినే వయొలిన్ కూడా రెండు వందల ఏళ్ల కిందట ఓడలో వచ్చిందే కదా!

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి పిలుపొచ్చింది. అప్పటికి పద్నాలుగేళ్లు. పెద్ద పెద్ద జాజ్ విద్వాంసులు వాయించే చోట ఈ పిల్లాడు కర్ణాటక సంగీతమే వాయించాడు. జాజ్ వాళ్ల కోసమని ఏమీ మార్చలేదు. అయినా జనం లేవకుండా, మళ్లీ మళ్లీ వాయించమని పట్టుబట్టారని చెబుతారు. రాగాన్ని అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడం జాజ్ శ్రోతలకు కొత్త సంగతి కాదు, వాళ్ల ఆటా అదే.

ఇక ఆల్బంల మాటకొద్దాం. ఇక్కడ లిటిల్ ఇండియా నుంచి నడిచి వెళ్లేంత దూరంలో సుంగై రోడ్డు పాత సామాన్ల సంత ఉండేది. 2017 జూలైలో మూసేశారు. పాత గడియారాలు, ఫోన్లు, చొక్కాల మధ్య అప్పుడప్పుడూ ఎల్పీ రికార్డులు కనబడేవి. మెక్‌లాఫ్లిన్ పెట్టిన మహావిష్ణు ఆర్కెస్ట్రా రికార్డు ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ నాకు దొరికింది అక్కడే. 1973 నాటిది. గొప్ప రికార్డు, కాదనను. కానీ ఆ వేగానికి ఒక్కోసారి జడివానలో రేకుల షెడ్డు కింద నిలబడ్డట్టుంటుంది. తర్వాత ఆయన ఎలక్ట్రిక్ హోరు పక్కనబెట్టి, వయొలిన్ ఎల్.శంకర్, తబలా జాకీర్ హుసేన్, ఘటం విక్కు వినాయకరామ్‌లతో శక్తి బృందం కట్టారు. అంతకుముందే అమెరికాలో డాక్టర్ ఎస్.రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్న మనిషి కాబట్టి గమకం విలువ ఆయనకు తెలుసు. 1970ల చివర్లో ఆ బృందం ఆగిపోయింది. 1997లో రిమెంబర్ శక్తి పేరుతో మళ్లీ మొదలైంది. కొద్దికాలానికే అందులోకి మన శ్రీనివాస్ వచ్చారు.

ఈలోగా ఆయన ఇంకో దారి కూడా తొక్కారు. ప్రోగ్రెసివ్ రాక్ వినేవాళ్లకు జెనెసిస్ బృందం తెలిసే ఉంటుంది. అందులోంచి 1975లో బయటికొచ్చిన గాయకుడు పీటర్ గేబ్రియల్ తర్వాత రియల్ వరల్డ్ అనే రికార్డు కంపెనీ పెట్టారు. శ్రీనివాస్ కర్ణాటక ఆల్బం ‘రామ శ్రీరామ’, తర్వాత కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’ ఆ కంపెనీ నుంచే వచ్చాయి. 1995లో వచ్చిన ‘డ్రీమ్’ని మెచ్చుకునేవాళ్లు చాలామంది. నాకు మాత్రం అంతగా ఎక్కలేదు. బ్రూక్ శబ్దాలు పొగమంచులా కమ్ముకుంటాయి, మాండలిన్ అందులో ఎక్కడో దూరంగా వినబడుతుంది. నైట్ షిఫ్టు దిగి కళ్లు మూసుకుని వినడానికి బాగుంటుందంతే.

2000లో వచ్చిన ‘ది బిలీవర్’ సంగతి వేరు. అంతకుముందు ఏడాది యూరప్ కచేరీల్లో రికార్డు చేసింది. గాత్రం లేదు. గిటార్, మాండలిన్, తబలా, వినాయకరామ్ గారబ్బాయి సెల్వగణేశ్ కంజీర.. అంతే. అందులో ‘లోటస్ ఫీట్’ అనే నెమ్మదైన బాణీ ఉంది. పాత శక్తి 1976 ఆల్బంలోనూ అదే ఉంది, అక్కడ శంకర్ వయొలిన్‌తో. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. వయొలిన్‌కి కమాను ఉంది కాబట్టి స్వరాన్ని ఎంతసేపైనా నిలబెట్టొచ్చు. మాండలిన్‌కి ఆ వీలు లేదు. నాదం తగ్గేలోపే శ్రీనివాస్ దాన్ని ఊపి, వంచి, మళ్లీ నిలబెడతారు. పక్కన మెక్‌లాఫ్లిన్ జాజ్ పద్ధతిలో పోతుంటే ఈయన రాగం పద్ధతిలో జవాబిస్తారు. ఎవరూ తమ భాష వదలరు. నా దగ్గరున్న ఫ్యూజన్ అంతటిలో దీన్ని మించింది లేదు.

ఆ తర్వాతి ఏడాది వచ్చిన ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’లో అతిథులు ఎక్కువై పెళ్లి భోజనాల సందడిలా ఉంటుంది. శివకుమార్ శర్మ సంతూర్ ఒకవైపు, శివమణి డ్రమ్స్ ఒకవైపు. కానీ అందులోనే ‘గిరిరాజ సుధ’ ఉంది. త్యాగరాజస్వామి బంగాళ రాగంలో వినాయకుడి మీద చేసిన కృతి. పాడింది ముంబైలో పెరిగిన తమిళ కుటుంబం మనిషి శంకర్ మహదేవన్. గిటార్ ఇంగ్లిషాయనది, తబలా ముంబై ముస్లిం సోదరుడిది, మాటలు సంస్కృతంలోవి. డార్మిటరీలో పక్క మంచం తమిళ తమ్ముడికీ, పై మంచం బెంగాలీ అన్నకీ వినిపించి చూడండి. ఎవరూ ఆపమనరు!

1998లో పద్మశ్రీ, 2009లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చాయి. తమ్ముడు రాజేష్‌నీ మాండలిన్ విద్వాంసుడిగా తీర్చిదిద్దారు. 2014లో కాలేయం దెబ్బతిని చెన్నై ఆస్పత్రిలో చేరారు. కాలేయ మార్పిడి చేశారు గానీ నిలబడలేదు. సెప్టెంబర్ 19న కన్నుమూశారు. వయసు 45. కర్ణాటక సంగీతంలో అది ముదిరిన వయసేం కాదు, శెమ్మంగుడి లాంటివాళ్లు దానికి రెట్టింపు బతికి పాడారు. ఆయనకంటే 27 ఏళ్లు పెద్దవాడైన మెక్‌లాఫ్లిన్ ఎనభై దాటాక కూడా శక్తితో ఊళ్లు తిరిగి వాయించారు. తొమ్మిదేళ్ల పిల్లాడిగా వేదికెక్కినవాడు కదా, అందరికంటే ముందు మొదలుపెట్టి అందరికంటే ముందే వెళ్లిపోయినట్టయింది.

శక్తి బృందం 2023లో ‘దిస్ మొమెంట్’ ఆల్బం తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ అవార్డు వచ్చింది. ఆ డిసెంబర్‌లోనే జాకీర్ హుసేన్ కూడా వెళ్లిపోయారు. అందులో మొదటి పాట పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’, మన శ్రీనివాస్ పేరు మీద పెట్టిందే. బృందంలోకి వయొలిన్ విద్వాంసుడు గణేశ్ రాజగోపాలన్‌ని తీసుకున్నారు. మాండలిన్‌కి మాత్రం ఎవరినీ తీసుకోలేదు.