కొండరైతుల నాయకుడు యాంకు

పేదలు పేదలతో కొట్టుకుంటే లాభం ఎవరికి? మన పల్లెల్లో ఎన్నోసార్లు వేసుకున్న ప్రశ్నే ఇది. రుమేనియన్ రైతునాయకుడు ఆవ్రామ్ యాంకు జీవితం చూస్తే జవాబు తెలుస్తుంది.

యాంకు 1824లో ట్రాన్సిల్వేనియా కొండల్లో విద్ర అనే ఊళ్లో పుట్టాడు. ఆ ప్రాంతం ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. భూస్వాముల్లో ఎక్కువమంది హంగేరియన్లు, వెట్టిరైతుల్లో ఎక్కువమంది రుమేనియన్లు. యాంకు లా చదివాడు, కాని వెట్టిరైతుల పక్షాన నిలిచాడు.

1848లో హంగేరీలో విప్లవం వచ్చింది. వెట్టిని చట్టంలో రద్దు చేశారు. అది మంచి పనే. అయితే ట్రాన్సిల్వేనియాను హంగేరీలో కలిపేటప్పుడు, జనాభాలో ఎక్కువమందైన రుమేనియన్లను ఒక జాతిగా గుర్తించలేదు. మే నెలలో బ్లాజ్‌లో వేలాది రైతులు చేరి జాతిహక్కులు అడిగారు. విన్నవాళ్లు లేరు. యాంకు కొండరైతులను కూడగట్టి చక్రవర్తి వైపు నిలిచాడు. ఇరువైపులా ఊళ్లు తగలబడ్డాయి, ఆయుధం పట్టనివాళ్లూ చచ్చిపోయారు.

1849 వసంతంలో హంగేరీ నాయకుడు కొశూత్, డ్రాగోష్ అనే రుమేనియన్ శాసనసభ్యుణ్ణి రాజీకి పంపాడు. అబ్రూద్‌లో మాటలు నడుస్తుండగానే, మే నెలలో హంగేరియన్ మేజర్ హత్వాని సైన్యంతో ఊరిమీద పడ్డాడు. యాంకు సహచరులు బుటేయాను, డోబ్రా పట్టుబడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. డ్రాగోషే మోసం చేశాడనుకొని కొండరైతులు అతన్ని చంపేశారు.

తర్వాత వల్లాకియా విప్లవకారుడు బాల్చెస్కు మధ్యవర్తిగా వచ్చాడు. జులై 14న సెగెద్‌లో కొశూత్‌తో ఒప్పందం కుదిరింది. 28న హంగేరీ సభ జాతుల హక్కుల చట్టం చేసింది. హంగేరియన్లతో ఇక పోరాడనని యాంకు మాటిచ్చాడు. కాని అప్పటికే చక్రవర్తికి తోడుగా రష్యా జారు సైన్యం దిగింది. ఆగస్టు 13న హంగేరీ సైన్యం లొంగిపోయింది.

మరి యాంకుకు దక్కిందేమిటి? ఆ డిసెంబరులోనే అధికారులు అతన్ని నిర్బంధించారు, జనం అడ్డుపడితే వదిలారు. చక్రవర్తి ఇచ్చే పతకాన్ని యాంకు కాదన్నాడు. కొండరైతులకు అడవి హక్కు కోసం వియన్నా దాకా తిరిగినా ఫలితం లేకపోయింది. మనసు చెదిరి, పిల్లనగ్రోవి ఊదుకుంటూ ఊరూరా తిరిగాడు. 1872 సెప్టెంబరు 10న చనిపోయాడు. 1784 రైతు తిరుగుబాటు నాయకుడు హోరియా పేరుతో పిలిచే ఓక్ చెట్టు దగ్గర, త్సెబియాలో పాతిపెట్టారు.

1849 జులైలో ఒప్పుకున్న హక్కులను 1848 మేలోనే ఒప్పుకొని ఉంటే? చక్రవర్తిని నమ్మడం యాంకు తప్పు. తోటి జాతి గోడు వినకపోవడం హంగేరీ నాయకుల తప్పు. రెండు తప్పుల ఖరీదూ రైతులే కట్టారు. కూలీల ఐక్యత కోరే మనం, ముందు పక్కవాడి హక్కును ఒప్పుకోవాలి. అదీ ఆలస్యం కాకముందే.