గగనవీరుడు ఇంద్రలాల్ రాయ్

1918 సంవత్సరము జూలై 22వ తేదీని ఉత్తర ఫ్రాన్సులోని కార్విన్ పట్టణ ప్రాంతమున, జర్మను విమానములతో నాకాశయుద్ధము సల్పుచు నొక వంగ యువకుడు వీరమరణము నొందెను. అతని కప్పటి కిరువది యేండ్లయినను నిండలేదు. అతడే ఇంద్రలాల్ రాయ్. పరప్రభుత్వము నడపిన సంగ్రామమున గూలిన యీతనిని మనవాడని యేల స్మరింపవలెనని యడుగువారు గలరు. ఆ ప్రశ్నకు సమాధాన మతని జీవితముననే యున్నదని మా యభిప్రాయము.

ఇంద్రలాల్ 1898 డిసెంబరు 2వ తేదీని కలకత్తాలో జన్మించెను. తండ్రి ప్యారీలాల్ రాయ్ బారిసాల్ ప్రాంతపు జమీందారీ కుటుంబమువాడు, బారిష్టరు. తల్లి లలితా రాయ్ ఇంగ్లండులో స్త్రీల వోటుహక్కునకై జరిగిన యుద్యమమున బాల్గొని, 1911లో లండను వీథులలో సాగిన మహాప్రదర్శనమున భారతస్త్రీల పక్షమున నడచెను. బాలుడు లండనులోని సెంట్ పాల్స్ పాఠశాలలో విద్య నభ్యసించుచుండగా యూరపు మహాసంగ్రామ మారంభమయ్యెను.

ఆ కాలమున మన సిపాయి యెంతటి శూరుడైనను, ఎన్నియేండ్లు కొలువు చేసినను, నిన్న మొన్న చేరిన తెల్లదొరకు లోబడియే యుండవలెను. సేనాధిపత్యమునకు భారతీయుడు తగడనుట నాటి పాలకుల సిద్ధాంతము. విమానదళమున మాత్రము సంగ్రామపు టవసరమువలన 1917లో గొలదిమంది భారతీయులకు బ్రవేశము దొరకెను. హర్దిత్ సింగ్ మాలిక్ వారిలో నొకడు, ఇంద్రలాల్ వేరొకడు. కంటిచూపు చాలదని పరీక్షకులు తొలుత నితనిని ద్రోసిపుచ్చిరి. అతడు తన మోటారు సైకిలు నమ్మి, యా సొమ్ముతో నేత్రవైద్య నిపుణునిచే మరల బరీక్ష చేయించుకొని నెగ్గెను.

1917 అక్టోబరులో 56వ స్క్వాడ్రనులో జేరిన యతని విమానము డిసెంబరు 6వ తేదీని నేల గూలెను. చనిపోయెనని తలచి శవముల గదిలో నుంచగా, దెలివివచ్చి తలుపు తట్టెనని యొక కథ ప్రచారమున నున్నది. గాయములు మానువఱకు విమానముల చిత్రములు గీయుచు గాలము గడపెను. ఇక నెగురుటకు దగడని వైద్యులు నిర్ణయించినను పట్టు వదలక, 1918 జూన్‌లో 40వ స్క్వాడ్రనునకు వచ్చెను.

ఈ దళము 1916లో ఫ్రాన్సునకు వచ్చినది. యంత్రము వెనుకనుండు పాతవిమానములతో నారంభించి, 1917లో న్యూపోర్టులను, పిమ్మట ఎస్.ఇ.5ఎ విమానములను గ్రహించెను. ప్రసిద్ధ యోధుడు మానక్ తొలిపాఠములు నేర్చిన దిచ్చటనే. దళనాయకుడు డాలస్ జూన్ 1వ తేదీని మరణించియుండెను. ఇంద్రలాల్ ఐర్లండు వీరుడగు మెకెల్రాయ్ జట్టులో జేరి యుద్ధకళ నలవరచుకొనెను. రెండు మరతుపాకులు గల యొంటరి యాసనపు విమానము. ప్రాణరక్షణకు బారచూటు లేదు. గురి తప్పినను, చూపు తప్పినను మృత్యువే.

జూలై 6 మొదలు 19వ తేదీ వఱకు, రెండు వారములలో నతని ఖాతాలో బది విజయములు చేరెను. అందు రెండు సహచరులతో గలసి సాధించినవి. జూలై 8వ తేదీన నొక్కనాడే మూడు. చూపు చాలదన్న కన్నులే యింత పని చేసినవి! కడపటి విజయమునకు మూడు దినములకే యతడు నేలకొరిగెను. ఆ మాసాంతమున మెకెల్రాయ్ సయితము మడిసెను. ఎస్టెవెల్ గ్రామమున నున్న ఇంద్రలాల్ సమాధిపై వంగాక్షరములు చెక్కబడినవి. మరణానంతరము సెప్టెంబరులో డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాసు బిరుదు ప్రకటింపబడెను. భారతీయులలో దాని నందినవా డితడే ప్రథముడు.

ఇట్టి త్యాగములకు దేశమునకు దొరకిన ప్రతిఫల మేమి? ఆ సంగ్రామమునకై పది లక్షలకు బైగా భారతీయులు సముద్రము దాటిరి. 1919 మార్చిలో రౌలటు శాసనము వచ్చినది. ఇంద్రలాల్ మరణించి తొమ్మిది నెలలు నిండకమునుపే, ఏప్రిల్ 13వ తేదీని జలియన్‌వాలాబాగులో నిరాయుధులపై గుండ్లు గురిసినవి. భారతీయ విమానదళ స్థాపనకు 1932 అక్టోబరు వఱకు నిరీక్షింపవలసివచ్చెను. యోగ్యత ఋజువైన పిదపయు బదునాలుగేండ్ల జాగు! కావున గొఱత మనవారి యోగ్యతలో లేదు, పాలకుల మనస్సులో నుండెను.

ఇంద్రలాల్ బంధువర్గములోని సుబ్రతో ముఖర్జీ 1954లో స్వతంత్ర భారత విమానదళమునకు బ్రథమ భారతీయాధిపతి యయ్యెను. బిరుదు నిచ్చినది సామ్రాజ్యము. దాని నార్జించిన ధైర్యము మాత్రము మనది. తగవని యితరులు చెప్పినంతమాత్రమున దలయూపక, మరల బరీక్షకు నిలిచిన యా పట్టుదలకై యతనిని మనవాడని స్మరించుట మన విధి.