జో లూయిస్ గొప్పా, ష్మెలింగ్ గొప్పా?

ఈ నెల గోడపత్రికలో గొప్పవారి జీవితం రాసే వంతు నాకు వచ్చింది. గాంధీ గారి గురించి, అంబేడ్కర్ గారి గురించి ఇదివరకే రాసేశారు. అందుకని నేను బాక్సింగ్ వీరుడు జో లూయిస్ గురించి రాస్తున్నాను. కారణం మీకు తెలిసిందే. పీఈటీ మేడం కంప్యూటర్ గదిలో 1938 నాటి ఆట ఫిల్మ్ చూపించిన రోజు నుండి హాస్టల్‌లో ఒకటే గొడవ. పెద్ద గది అక్కలు లూయిస్ పక్షం. అంతకు రెండేళ్ల ముందు అదే లూయిస్‌ని మాక్స్ ష్మెలింగ్ ఓడించాడని మేడం చెప్పారు కాబట్టి మా గదిలో సగం మంది ష్మెలింగ్ పక్షం. అన్నం ప్లేట్లు పట్టుకుని లైన్లో కూడా ఇదే మాట. నేను లైబ్రరీలో పుస్తకం తీసి చదివాను.

జో లూయిస్ 1914 మే 13న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పుట్టాడు. పూర్తి పేరు జోసెఫ్ లూయిస్ బారో. వాళ్లు నల్లజాతి వారు. తాతల కాలంలో బానిసలు. బానిసత్వం పోయింది కానీ చేతికి భూమి రాలేదు. అందుకని వేరేవాళ్ల భూమిలో పాలికి పత్తి పండించేవారు. పత్తి ఏరితే వేళ్లు ఎట్లా చీరుకుపోతాయో మనలో చాలామందికి చెప్పనక్కర లేదు. తండ్రికి మతి చెడితే ఆసుపత్రిలో పెట్టారు. జోకి చిన్నప్పుడు మాటలు సరిగా వచ్చేవి కావు, నత్తి. ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. నేను ఈ బడికి వచ్చినప్పుడు మా కోయ మాట తప్ప తెలుగు రాదు. ఒక సంవత్సరం దాకా హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తడమే, నోరు తెరిచేదాన్ని కాదు.

1926లో వాళ్ల కుటుంబం డెట్రాయిట్ పట్నం చేరింది. అక్కడ జోని చెక్కపని నేర్పే బడిలో వేశారు. తల్లి లిల్లీ వయొలిన్ నేర్చుకోమని డబ్బులు ఇచ్చేది. అతను ఆ డబ్బులు తీసుకుపోయి బాక్సింగ్ నేర్పే చోట కట్టేవాడు. ఈ సంగతి మాత్రం నాకు నచ్చలేదు. మా అమ్మ ఇప్పపువ్వు అమ్మి నోటుపుస్తకాలకు ఇచ్చిన డబ్బు నేను వేరేదానికి ఖర్చు పెడితే నాకు నిద్ర పట్టదు. కానీ అతను వయొలినే నేర్చుకుని ఉంటే ఇప్పుడు మనకి ఈ గొడవే లేదు గదా!

1934 జూలై 4న మొదటిసారి డబ్బుల పందెం ఆడాడు. జాక్ బ్లాక్‌బర్న్ అనే గురువు నేర్పాడు. రెండేళ్లు వరసగా గెలుపే.

ష్మెలింగ్ జర్మనీ దేశం వాడు, 1905లో పుట్టాడు. 1930 నుండి 1932 దాకా హెవీవెయిట్‌లో ప్రపంచ ఛాంపియన్. అయితే 1930లో ఆ పట్టం ఎట్లా వచ్చిందంటే, అవతలి ఆటగాడు జాక్ షార్కీ నడుము కింద కొట్టి తప్పు చేశాడు, ఇతను నేల మీద ఉండగానే గెలిచినట్టు ప్రకటించారు. లూయిస్ పక్షం అక్కలు ఇది పట్టుకుని నవ్వుతారని ముందే రాసేస్తున్నాను.

1936 జూన్ 19న న్యూయార్క్‌లో యాంకీ స్టేడియంలో ఇద్దరికీ పోటీ పెట్టారు. లూయిస్‌కి 22 ఏళ్లు, ష్మెలింగ్‌కి 30. ముసలివాడని అందరూ తీసిపారేశారు. లూయిస్ కూడా తయారు కాకుండా గోల్ఫ్ ఆడుకుంటూ తిరిగాడు. ష్మెలింగ్ మాత్రం లూయిస్ ఆటల ఫిల్ములు మళ్లీ మళ్లీ చూశాడు. ఒక తప్పు దొరికింది. లూయిస్ ఎడమ చేతితో చాచి కొట్టాక ఆ చెయ్యిని కిందికి వదిలేస్తాడు. అప్పుడు దవడ ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలోకి కుడి చేతితో కొట్టడమే ష్మెలింగ్ పని. నాలుగో రౌండులో పడేశాడు, పన్నెండో రౌండులో ఇక లేవకుండా పడేశాడు. ఆ రోజు నల్లవాళ్ల వాడల్లో ఏడ్చారు.

లూయిస్ ఇంటికి పోయి కూర్చోలేదు. గురువు దగ్గర ఆ ఎడమ చెయ్యి దిద్దుకున్నాడు. 1937 జూన్ 22న జేమ్స్ బ్రాడక్‌ని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అయినా ష్మెలింగ్‌ని ఓడించే దాకా తనకు ఆ పేరు చెల్లదని అనేవాడు.

సరిగ్గా సంవత్సరానికి, 1938 జూన్ 22న, అదే స్టేడియం. సుమారు 70,000 మంది జనం. అప్పుడు జర్మనీలో హిట్లర్ పాలన. తమ జాతే గొప్పదని చెప్పుకోవడానికి అతని మనుషులు ష్మెలింగ్ పేరు వాడుకున్నారు. మనం ఫిల్ములో చూసింది ఈ ఆటే. 2 నిమిషాల 4 సెకన్లలో అయిపోయింది. ష్మెలింగ్ మూడుసార్లు పడ్డాడు, వెన్ను దగ్గర ఎముక విరిగి ఆసుపత్రి పాలయ్యాడు.

ఇప్పుడు గొడవ దగ్గరికి వస్తాను. మా గదివాళ్లు ఏమంటారంటే, 1938లో ష్మెలింగ్‌కి 32 ఏళ్లు, మంచి వయసు దాటిపోయింది, అందుకే ఓడాడు అని. నేనూ మొదట అదే అన్నాను. కానీ 30 ఏళ్లకు పన్నెండు రౌండ్లు నిలబడి గెలిచినవాడు రెండేళ్లకే రెండు నిమిషాల్లో పడిపోయేంత ముసలివాడు అవుతాడా? మారింది అవతలివాడు. ష్మెలింగ్ ఆగి, చూసి, తప్పు దొరికాక కొట్టే మనిషి. లూయిస్ ఈసారి చూడటానికి సమయమే ఇవ్వలేదు. గంట కొట్టగానే మీదికి పోయాడు.

ఇద్దరూ మంచి దశలో, అంటే 1930 నాటి ష్మెలింగ్, 1938 నాటి లూయిస్ ఎదురుపడితే? నా లెక్కలో లూయిసే గెలుస్తాడు, కానీ రెండు నిమిషాల్లో కాదు, ఏడెనిమిది రౌండ్లు పడుతుంది. కన్ను ష్మెలింగ్‌ది గొప్పది, చెయ్యి లూయిస్‌ది గొప్పది. నేను పక్షం మారానని మా గదివాళ్లు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

లూయిస్ 1949 దాకా, 11 సంవత్సరాల 8 నెలలు, ఛాంపియన్‌గా ఉన్నాడు. 25 సార్లు పట్టం నిలుపుకున్నాడు. హెవీవెయిట్‌లో ఇంతవరకు ఎవరూ దాన్ని దాటలేదు. 1942లో యుద్ధం అప్పుడు రెండు ఆటల డబ్బులు సైన్యం, నౌకాదళం వాళ్ల సహాయ నిధులకు ఇచ్చేసి తనూ సైన్యంలో చేరాడు. తరువాత పన్నుల బాకీ మెడకు చుట్టుకుంది. అది తీర్చడానికి మళ్లీ ఆడి, 1951లో 37 ఏళ్ల వయసులో రాకీ మార్సియానో చేతిలో ఓడాడు. ఆ ఓటమిని మన లెక్కలో వేయకూడదు.

ష్మెలింగ్ మీద నాకు కోపం ఉండేది, హిట్లర్ మనిషి అనుకుని. కానీ అతను నాజీ పార్టీలో చేరలేదు. యూదుడైన తన మేనేజర్‌ని వదలమంటే వదలలేదు. 1938 నవంబరులో యూదుల ఇళ్ల మీద దాడులు జరిగినప్పుడు ఇద్దరు యూదు పిల్లలను తన హోటల్ గదిలో దాచి కాపాడాడు.

1954లో అతను అమెరికా పోయి లూయిస్‌ని వెతుక్కుంటూ వెళ్లి కలిశాడు. తరువాత ఇద్దరూ స్నేహితులు. 1981 ఏప్రిల్ 12న లూయిస్ చనిపోయినప్పుడు చేతిలో డబ్బు లేదు. అంత్యక్రియల ఖర్చులో కొంత ష్మెలింగ్ భరించాడు. ష్మెలింగ్ 2005లో 99 ఏళ్లకు చనిపోయాడు.

నా లెక్క తప్పు అనేవాళ్లు ఆదివారం బట్టలు ఉతికే వేళ బోరింగ్ దగ్గరికి రండి. పుస్తకం తెస్తాను.

— 9వ తరగతి