గణితాచార్యుడు మహావీరుడు

మాన్యఖేటము రాజధానిగా రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుడు రాజ్యమేలు కాలమున (814–878) మహావీరాచార్యుడను జైన పండితుడు వర్ధిల్లెను. ఆ నగరమే నేటి కర్ణాటకమున కలబురగి జిల్లాలోని మళఖేడ. ఆ రాజు జినసేనాచార్యుని భక్తుడు. ఆ కొలువున జినవాణికిని, శాస్త్రమునకును సమానముగ ఆదరము లభించెను.

మహావీరుని చరిత్ర యనగా అతని గ్రంథమే. సుమారు 850 ప్రాంతమున సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము నతడు వర్ధమాన జినేంద్రునకు మ్రొక్కి, పిదప తన రాజును ప్రశంసించి ప్రారంభించెను. వ్యాపారమునకే కాదు, సంగీతమునకు, వైద్యమునకు, వాస్తువునకు, తుదకు వంటకును లెక్క కావలెనని అతని మతము. అంతవరకు జ్యోతిషమునకు తోకగా నున్న గణితము నతడు వేరుచేసి స్వతంత్ర శాస్త్రముగ నిలిపెను. ఇది చిన్న పని కాదు.

పెద్దసంఖ్య లనిన జైనులకు భయము లేదు. ఎనుబదినాలుగు లక్షల సంవత్సరములు ఒక పూర్వాంగము. దానిని మరల ఎనుబదినాలుగు లక్షలతో గుణించిన ఒక పూర్వము, అనగా 70,56,000 కోట్ల సంవత్సరములు. ఇట్లు ఇరువదియెనిమిదవ మెట్టున నిలుచునది శీర్షప్రహేళిక. వ్రాసిచూచిన 54 అంకెలు, వాని వెనుక 140 సున్నలు! ఇంతయైనను అది సంఖ్యాతమే. దానికి పైన అసంఖ్యాతము, ఆపైన అనంతము కలవని ఆగమములు విభజించినవి. లెక్కకు అందనిది వేరు, అంతము లేనిది వేరు అని తెలిసికొనుట ఎంత సూక్ష్మమైన విషయము!

మహావీరుడు వ్యవహారమునకు చాలునట్లు ఏకము మొదలు మహాక్షోభము వరకు ఇరువదినాలుగు స్థానములకు పేర్లు పెట్టెను. ఒకటి ప్రక్కన 23 సున్నలు చేర్చిన మహాక్షోభము. సంఖ్యల అందము కూడ నతని కంటబడెను. 152207ను 73తో గుణించిన 11111111; 14287143ను 7తో గుణించిన 100010001; 27994681ను 441తో గుణించిన 12345654321. ఎటునుండి చదివినను ఒకటే. వీనిని కంఠాభరణములతో పోల్చినాడు. లెక్క చేయు పిల్లవానికి ఇంతకంటె తీపి యేమున్నది?

ఋణసంఖ్యకు వర్గమూలము లేదని అతడు స్పష్టముగ చెప్పెను. సున్నతో భాగించిన సంఖ్య మారదనుట మాత్రము పొరపాటు. 12వ శతాబ్దిలో రెండవ భాస్కరుడు దానిని అనంతమని గ్రహించెను. అంత మాత్రమున మహావీరుని గౌరవము తగ్గదు.

ఈ గ్రంథమును పావులూరి మల్లన సారసంగ్రహ గణితమను పేర తెనిగించెను. తెలుగున తొలి గణితగ్రంథముగ దానిని పరిగణింతురు. సంస్కృత మూలమును 1912లో మద్రాసున ఎం. రంగాచార్యులు ఆంగ్లానువాదముతో ప్రకటించిరి.