త్రాసు పట్టిన రసాయనవేత్త

పొయ్యిలో కట్టె కాలినపిదప పిడికెడు బూడిద మిగులును. కట్టె బరువెక్కడ, బూడిద బరువెక్కడ! తక్కిన బరువంతయు ఏమయ్యెను? ప్రశ్న చిన్నది. కాని 250 ఏండ్ల క్రిందట దీనికి సరియైన సమాధానము చెప్పగలవారు లేరు. మండెడు ప్రతి వస్తువులోను ఫ్లోజిస్టన్ అను సూక్ష్మద్రవ్యము దాగియుండుననియు, మండునప్పుడది వెలికి పోవుననియు నాటి ఐరోపా పండితులు నమ్మిరి. కట్టె విషయమున ఈ మాట పొసగునట్లే తోచును. అయితే తగరమును, సీసమును గాలిలో బాగుగా కాల్చినచో భస్మమగును; ఆ భస్మము మొదటి లోహము కన్న బరువుగా నుండును. ఏదో వెలికి పోయినచో బరువెట్లు పెరుగును? ఈ చిక్కును త్రాసుతో విప్పి, రసాయనశాస్త్రమునకు గట్టి పునాది వేసినవాడు ఆంత్వాన్ లోరాన్ లావోయిజర్.

ఆయన 1743 ఆగస్టు 26 వ తేదీన పారిస్ నగరమున ఒక సంపన్న కుటుంబమున జన్మించెను. తండ్రి న్యాయవాది. ఐదేండ్ల ప్రాయమున తల్లి మరణింపగా, ఆమె తోబుట్టువు ఆ బాలుని పెంచెను. కుటుంబవృత్తి ననుసరించి న్యాయశాస్త్రము చదివి పట్టము పొందెనుగాని, అతని మనస్సు ప్రకృతిశాస్త్రములపై లగ్నమై యుండెను. నగరవీధులలో దీపములు అమర్చు విధమును గూర్చి వ్రాసిన వ్యాసమునకు 1766 లో రాజు బంగారు పతకమొసగెను. 1768 లో, 25 వ యేట, ఫ్రెంచి శాస్త్ర పరిషత్తు అతనిని సభ్యునిగా గైకొనెను.

ఆ సంవత్సరమే అతడు మఱియొక పని చేసెను. ఫ్రాన్సులో ఉప్పుమీద, పొగాకుమీద, పారిస్‌లోనికి వచ్చు సరకులమీద విధించిన పన్నులను రాజు స్వయముగా వసూలు చేయక ఒక గుత్తదారుల సంఘమునకు అప్పగించియుండెను. వారు రాజునకు నిర్ణీతమైన సొమ్ము చెల్లించి, ప్రజలనుండి అంతకు మించి రాబట్టి లాభము పొందుచుండిరి. వారి మనుష్యులన్న ప్రజలకు భయము, రోత. లావోయిజర్ ఈ సంఘములో వాటా కొనెను. ఆ రాబడితోనే ఆయన మేలైన త్రాసులను, గాజుపాత్రలను చేయించుకొనెను. ఆ శోధనలు కొంతవఱకు పేదవాని ఉప్పుపన్నుతో సాగెనని చెప్పుట కఠినముగా తోచినను, అది నిజము.

1771 లో తోటి గుత్తదారుడైన పోల్జ్ కుమార్తె మరీ ఆన్‌ను ఆయన వివాహమాడెను. అప్పటికామెకు 13 ఏండ్లు. భర్తకు రాని ఇంగ్లీషును నేర్చి, ఆ భాషలోని శాస్త్రగ్రంథముల నామె అతనికి అనువదించి యిచ్చెను. చిత్రలేఖనమభ్యసించి పరికరముల పటములు గీసెను. ప్రయోగశాలలో ప్రక్కన కూర్చుండి ఫలితములు వ్రాసికొనెను.

నీటిని చిరకాలము మరగించినచో అది మన్నుగా మాఱునని నాడు పలువురి నమ్మకము. మరగిన పాత్ర అడుగున మన్నువంటి పదార్థము కనబడుటయే అందులకు సాక్ష్యము. లావోయిజర్ నీటిని, గాజుపాత్రను వేఱువేఱుగా తూచి, పాత్రను మూసి, 101 దినములు సెగపై నుంచెను. పిమ్మట మఱల తూచెను. నీరు తగ్గలేదు, పాత్ర బరువు తగ్గెను. అడుగున చేరిన మన్ను గాజునుండియే వచ్చినదని తేలెను. ఇంతకు ముందును త్రాసు వాడినవారు లేకపోలేదు. కాని ప్రతి ప్రయోగమునకు ముందును వెనుకను సమస్తమును తూచి, జమాఖర్చు సరిపోవువఱకు ఊరకుండని పట్టుదల లావోయిజర్‌ది. అది లెక్కల పుస్తకములు చూచువాని అలవాటు.

1772 లో గంధకము, భాస్వరము మండినప్పుడు బరువు పెరుగునని ఆయన కనుగొనెను. 1774 లో తగరమును మూసిన పాత్రలో కాల్చి చూచెను. పాత్ర మొత్తము బరువు మాఱలేదు. మూత తెఱవగానే బయటి గాలి బుస్సున లోనికి చొచ్చెను. అప్పుడు బరువు పెరిగెను. లోహము గాలిలోని దేనినో పట్టుకొనుచున్నది. ఆ యేటి అక్టోబరులో ఇంగ్లండునుండి ప్రీస్ట్లీ అను శాస్త్రజ్ఞుడు పారిస్‌కు వచ్చి, ఎఱ్ఱని పాదరసభస్మమును వేడిచేయగా తనకొక వింతవాయువు లభించెననియు, అందులో క్రొవ్వొత్తి మిక్కిలి కాంతితో వెలిగెననియు విందువేళ లావోయిజర్‌కు తెలిపెను. స్వీడనులో షీలే అంతకు ముందే ఆ వాయువును కనుగొనియుండెను.

లావోయిజర్ పాదరసమును ఒక పాత్రలోని గాలియందు 12 దినములు వేడిచేసెను. పాదరసముపై ఎఱ్ఱని పొర ఏర్పడెను. గాలిలో ఇంచుమించు ఆఱవవంతు తఱిగెను. మిగిలిన గాలిలో దీపము ఆరిపోయెను. ఆ ఎఱ్ఱని పొడిని మఱింత వేడిచేయగా పోయిన వాయువు తిరిగి వచ్చెను. దానిని మిగిలిన గాలితో కలుపగా మామూలు గాలి యయ్యెను. మండుటయనగా ఏదో వెలికి పోవుట కాదు, ఈ వాయువుతో కూడుట. కట్టె బరువు పొగగా, ఆవిరిగా, బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలసెను, అంతియే. ప్రీస్ట్లీకి తాను పడిన ఋణమును లావోయిజర్ తగినట్లు ఒప్పుకొనలేదు. అది ఆయనకొక మచ్చ. కాని ప్రీస్ట్లీ 1804 లో మరణించువఱకు ఫ్లోజిస్టనును విడువలేదు. కనుగొన్నవానికి అర్థము కానిది తూచినవానికి అర్థమయ్యెను.

ఆ వాయువునకు ఆమ్లమును పుట్టించునది అను అర్థముగల గ్రీకు పదములతో ఆక్సిజన్ అని ఆయన పేరిడెను. తెలుగులోని ఆమ్లజని అను మాట దానికి సరియైన అనువాదము. ఆమ్లములన్నిటిలోను ఈ వాయువుండునని ఆయన తలచెను. అది పొరపాటు. హైడ్రోక్లోరికామ్లములో ఆమ్లజని లేదని 1810 లో డేవీ చూపెను; పేరు మాత్రము నిలిచి తెలుగు బాలుర పుస్తకములవఱకు వచ్చెను. ఉదజని అను పేరులో అట్టి దోషము లేదు. ఆ వాయువు మండినచో నీరు కలుగునని ఇంగ్లండులో కావెండిష్ చేసిన ప్రయోగములు తెలుపగా, 1783 లో లావోయిజర్ దాని యర్థమును వివరించెను. పిదప కాలిన ఇనుపగొట్టములో నీటిని పంపి దానిని విడదీసెను. పంచభూతములలో ఒకటిగా ఎంచబడిన నీరు రెండు వాయువుల కలయిక యని తేలెను.

ఏ ఉపాయముచేతను అంతకన్న సులభమైన పదార్థములుగా విడదీయరానిది మూలకము. మూలకములు కూడి క్రొత్త గుణములు గల వస్తువైనచో, నీటివలె, అది సంయోగపదార్థము. గాలివలె తమ గుణములు విడువక కలసియున్నచో మిశ్రమము. 1789 లో ప్రకటించిన గ్రంథమున ఆయన 33 మూలకముల పట్టిక నిచ్చెను. అందులో వెలుగును, వేడిని, సున్నమును గూడ చేర్చెను. సున్నమువంటివి ఎన్నడైన విడదీయబడవచ్చునని తానే అనుమానించెను; అట్లే జరిగెను. నేడు తెలిసిన మూలకములు 118. 1787 లో మువ్వురు మిత్రులతో కలసి పదార్థములకు క్రొత్త పేళ్లుంచు పద్ధతి నేర్పఱచెను. మైలుతుత్తమన్న పేరు వినినచో అందేమున్నదో తెలియదు. కాపర్ సల్ఫేటు అనినచో రాగి, గంధకము, ఆమ్లజని కలవని పేరే చెప్పును.

నేడు పెక్కు శాఖలుగా విస్తరించిన రసాయనశాస్త్రమునకు మొలకలు ఆ ప్రయోగశాలలోనే కనబడును. లోహములు, లవణములు, ఆమ్లముల పరిశీలన అకర్బన రసాయనమైనది. చక్కెర పులిసి సారాయమగు తీరును ఆయన లెక్కగట్టెను. సారాయము, నూనెలు మండించి అందు కర్బనము, ఉదజని ఉండుట చూపెను. ఇది కర్బన రసాయనమునకు దారి. అట్టి పదార్థములు జీవులలోనే పుట్టునను నమ్మకము మాత్రము 1828 లో వోలర్ యూరియాను తయారుచేసినపిదప గాని సడలలేదు. వస్తువులో ఏమున్నది, ఎంతయున్నది అని తేల్చు విశ్లేషణ రసాయనము త్రాసు పనియే. అన్నిటికన్న సొగసైనది 1782-83 చలికాలమున గణితవేత్త లాప్లాసుతో కలసి చేసిన ప్రయోగము. గినీపిగ్ అను చిన్న జంతువును మంచుగడ్డలు చుట్టిన పాత్రలో నుంచి, దాని శరీరపు వేడికి ఎంత మంచు కరగెనో తూచిరి. అది విడిచిన బొగ్గుపులుసు వాయువునకు తగినంత బొగ్గు మండినచో ఎంత కరగునో పోల్చిరి. రెండును దాదాపు సరిపోయెను. ఊపిరి యనగా మెల్లగా సాగు మంట! వేడిని కొలుచుట భౌతిక రసాయనమునకు, ఊపిరిని తెలియుట జీవరసాయనమునకు చెందును. అవి రెండును ఆ మంచుపాత్రలో కలసియుండెను.

ఇంతలో రెండవ లెక్క తీరు దినము వచ్చెను. పన్ను చెల్లింపక దొంగచాటుగా సరకులు రాకుండ పారిస్ చుట్టును గోడ కట్టింపవలెనని గుత్తసంఘమునకు సలహా యిచ్చినవాడు లావోయిజరే. నగరవాసులు దానిని తమ చెఱసాల గోడగా భావించిరి. అగ్నినిగూర్చి మారా అనువాడు చేసిన వాదమును 1780 లో ఆయన త్రోసిపుచ్చెను. ఆ మారా విప్లవనాయకుడై పత్రికలో ఆయనపై నిప్పులు చెఱగెను. 1789 లో విప్లవము చెలరేగినప్పుడు లావోయిజర్ సంస్కరణలను కోరినవాడే. క్రొత్త తూనికలు, కొలతల సంఘమున పనిచేసెను. గుత్తసంఘము 1791 లో రద్దయ్యెను. 1793 ఆగస్టులో శాస్త్ర పరిషత్తు మూయబడెను. నవంబరులో గుత్తదారుల నందఱిని బంధింప ఉత్తరువాయెను. ఆయన మామతో కూడ తానే వెళ్లి లొంగిపోయెను. చెఱలో సైతము తన వ్యాసములను అచ్చునకు సిద్ధము చేయుచుండెను.

1794 మే 8 వ తేదీన విచారణయు, శిక్షయు ఒక్కదినముననే ముగిసెను. ప్రజలను పీడించిన సంఘములో ఆయన వాటాదారుడనుట నిజమే. కాని మరణశిక్షకు చూపిన నేరము శత్రువులతో కుట్ర. దానికి నమ్మదగిన నిదర్శనమేదియు లేదు. 28 మంది గుత్తదారుల తలలు గిలటిన్ క్రింద తెగెను. మామ మూడవవాడు, లావోయిజర్ నాలుగవవాడు. అప్పటి కాయనకు 50 ఏండ్లు. జూలైలో ఆ ప్రభుత్వము కూలెను.

ఒకే దినమున తండ్రిని, భర్తను కోల్పోయిన మరీ ఆన్ 1795 లో తన ఆస్తిని, భర్త పరికరములను తిరిగి పొందెను. ఆయన చెఱలో సవరించిన వ్యాసములను అచ్చువేయించి పండితులకు పంచిపెట్టెను. తరువాత రంఫర్డు ప్రభువును వివాహమాడినను లావోయిజర్ అను పేరును విడువలేదు. ఆ వివాహము నాలుగేండ్లకే చెడిపోయెను. ఆమె 1836 లో పారిస్‌లో మరణించెను.