ఏకాంత తరంగాన్ని వెంబడించిన జాన్ స్కాట్ రస్సెల్

విశాఖ సాగరతీరాన నివసించే మనకు అలలు నిత్యపరిచితాలు. దూరాన లేచిన అల ఒడ్డును సమీపించేకొద్దీ నిటారై, నురగలు కక్కి విరిగిపోతుంది. చెరువులో రాయి విసిరితే పుట్టిన అల వలయాలుగా విస్తరించి అణగారిపోతుంది. ఈ రెండు గతులకూ లోబడని అల ఒకటున్నదని లోకానికి చాటి, పండితులు కాదన్నా ఆ సత్యాన్ని విడువని శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ రస్సెల్.

రస్సెల్ 1808 మే 9న స్కాట్లండులోని గ్లాస్గో సమీపాన జన్మించాడు. 17వ యేటనే గ్లాస్గో విశ్వవిద్యాలయ పట్టభద్రుడై, ఎడిన్‌బరో చేరి గణితం బోధించసాగాడు. 1832లో అక్కడి విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాచార్యుడు లెస్లీ మరణించగా, కొంతకాలం ఆ పాఠాలు చెప్పే బాధ్యత ఈ యువకునికి లభించింది.

ఆ రోజుల్లో కాలువలలో పడవలను గుర్రాలు లాగేవి. వాటిని ఆవిరియంత్రంతో నడపడం సాధ్యమా అని పరిశీలించే పని రస్సెల్ చేపట్టాడు. 1834 ఆగస్టులో ఎడిన్‌బరో చెంతనున్న యూనియన్ కాలువలో ఒక పడవ హఠాత్తుగా ఆగింది. దాని ముందు పోగైన నీరు మాత్రం ఆగలేదు. సుమారు 30 అడుగుల పొడవు, అడుగు నుండి అడుగున్నర ఎత్తు గల నునుపైన ఒకే ఒక అలగా మారి, గంటకు ఎనిమిది తొమ్మిది మైళ్ళ వేగంతో ముందుకు సాగింది. గుర్రమెక్కి ఉన్న రస్సెల్ దానిని వెంబడించాడు. ఆకారం చెదరకుండా, క్రమంగా ఎత్తు తగ్గుతూ పోయిన ఆ అల ఒకటి రెండు మైళ్ళ తరువాత కాలువ మలుపులలో కనుమరుగైంది.

చూసి ఆశ్చర్యపడి ఊరుకోక, అతడు నీటి తొట్టెలలో అటువంటి అలలను మళ్ళీ మళ్ళీ పుట్టించి కొలిచాడు. అల ఎంత ఎత్తయితే అంత వేగంగా పోతుందని, ఆ వేగపు వర్గం నీటి లోతు, అల ఎత్తుల మొత్తానికి అనులోమానుపాతంలో ఉంటుందని తేల్చాడు. ఈ ఫలితాలు 1844లో బ్రిటిష్ అసోసియేషన్ నివేదికగా వెలువడ్డాయి.

కాని నాటి మేటి గణితవేత్తలైన ఎయిరీ, స్టోక్స్ దీనిని అంగీకరించలేదు. వారి సిద్ధాంతాల ప్రకారం అల రూపం చెక్కుచెదరకుండా సాగడం అసంభవం. రస్సెల్ వద్ద కొలతలున్నాయి గాని, వాటిని సమర్థించే సమీకరణం లేదు.

జీవనవృత్తి అతనిని నౌకానిర్మాణం వైపు నడిపింది. బ్రూనెల్ రూపకల్పన చేసిన 692 అడుగుల మహానౌక గ్రేట్ ఈస్టర్న్‌ను లండన్‌లోని తన కర్మాగారంలో నిర్మించాడు. ఆ కాలంలోనే ఆర్థికంగా దెబ్బతిన్నాడు. 1858 జనవరి 31న నీట దిగిన ఆ నౌకయే 1870లో బొంబాయి, ఏడెన్‌ల నడుమ సముద్రగర్భాన తంతి తీగ వేసింది. 1882 జూన్ 8న రస్సెల్ కన్నుమూశాడు.

అతని జీవితకాలంలోనే బుస్సినెస్క్ 1871లోను, రేలీ 1876లోను ఆ అలకు గణిత సమర్థన చూపారు. 1895లో డచ్చి శాస్త్రజ్ఞులు కోర్టెవెగ్, డి వ్రీస్ దాని సమీకరణాన్ని ప్రకటించారు. లోతు తక్కువైన నీటిలో అల పైభాగం వేగంగా సాగి ముందుకు విరగజూస్తుంది. అదే సమయంలో అలలోని వేర్వేరు అంశాలు వేర్వేరు వేగాలతో విడిపోజూస్తాయి. ఈ రెండు ప్రవృత్తులూ సరితూగినప్పుడు అల రూపం నిలుస్తుంది. రస్సెల్ కంటితో చూసినది ఆ తూకమే.

1965లో అమెరికాలో జబుస్కీ, క్రుస్కల్ అనువారు కంప్యూటరుపై ఇటువంటి అలలు ఒకదానితో ఒకటి ఢీకొని కూడా తమ రూపంతోనే బయటపడుతున్నట్లు కనుగొని, వాటికి సోలిటాన్ అని పేరిడినారు. గాజుతంతులలో కాంతి స్పందనలు కూడ ఇలా ప్రయాణించగలవని 1973లో హసెగావా, టాపర్ట్ నిరూపించారు. మన బంగాళాఖాతానికి తూర్పున ఉన్న అండమాన్ సముద్రంలో, నీటి పొరల నడుమ లోలోపల సాగే మహాతరంగాలను ఆస్బార్న్, బర్చ్ 1980లో సోలిటాన్లుగా వివరించారు.

విద్యార్థి మిత్రులారా! రస్సెల్‌కు తన అల రహస్యం పూర్తిగా తెలియదు. కాని చూసినదానిని శ్రద్ధగా కొలిచి, ఉన్నది ఉన్నట్లు వ్రాసిపెట్టాడు. సిద్ధాంతం ఆ కొలతలను అందుకోవడానికి అరవై యేళ్ళు పట్టింది. రేవులోనో, కర్మాగారంలోనో, ప్రయోగశాలలోనో మన కంటబడినది పుస్తకంలోని మాటకు పొసగకపోతే, దానిని కొట్టివేయక మరల ఒకసారి కొలిచి చూడడం మన విధి.